వంతు తప్పిన ఇల్లు

"మమ్మల్ని సంఘంలోంచి గెంటేసింది నువ్వే నాన్నా! ఇంకెవులూ కాదు. నువ్వే!"

శనివారం పొద్దున్న ఆరున్నర. జగన్నాధం అరుగు మీద కూర్చుని చోడంబలి గ్లాసు నోటి దగ్గరికి తీసుకెళ్తున్నాడు. గ్లాసు అక్కడే ఆగిపోయింది. ఎదురుగా కూతురు సుహాసిని నిలబడి ఉంది. తల దువ్వుకోలేదు. చంకలో స్టీలు గిన్నె. దాని నిండా ఉడికించిన శనగలు, బయటివాళ్ళు ఒక్కరూ చెయ్యి పెట్టనివి.

ఆ గిన్నెను తండ్రి కాళ్ళ దగ్గర పెట్టింది. పెట్టింది అనడం తప్పు. కొట్టింది.

"తిను. ముప్ఫై మందికి ఉడకబెట్టినాను. ఒక్కరు రాలేదు. నువ్వే రానివ్వలేదు కాబట్టి నువ్వే తిను."

కుళాయి దగ్గర బిందె నింపుతున్న నీలవేణి వెనక్కి తిరగలేదు. బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నా కుళాయి కట్టలేదు. కూతురు దేనికి వచ్చిందో ఆమెకు తెలుసు.

జగన్నాధానికీ తెలుసు. తెలిసినా తెలియనట్టు అడగడం పెద్దమనుషులకు అలవాటు.

"ఏటైంది తల్లీ? పొద్దున్నే ఈ గోలేటి? ముందు కూకో."

"కూకోను. నిన్న శుక్రవారం ఎవరి వంతు?"

అతను చేతిలోని గ్లాసులోకి చూశాడు.

నెల్లిమర్లకు మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఆ పేటలో ఇరవై రెండు క్రైస్తవ కుటుంబాలు. ఆదివారం ఆరాధన జరిపించడానికి అయ్యగారు విజయనగరం నుంచి బండి మీద వచ్చి, మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు. శుక్రవారం మాత్రం పూర్తిగా పేటదే. ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక ఇంట్లో ప్రార్థన కూడిక. ఇరవై రెండు ఇళ్ళకూ వరసగా వంతు వస్తుంది. డాబాకూ వంతే, రేకుల షెడ్డుకూ వంతే. ముందువారం కూడిక జరిగిన ఇంటి నుంచి చాపల కట్ట తెచ్చుకోవాలి. ఇల్లు అలికి, తడిగుడ్డ పెట్టి, వచ్చినవాళ్ళకు టీ, శనగలో ఉప్మావో పెట్టాలి. ఆ వంతుల కాగితం సంఘ పెద్దగా జగన్నాధం దగ్గర ఉంటుంది. జూట్ మిల్లులో పని విరమించిన దగ్గర్నుంచీ, పదకొండేళ్ళుగా, అది అతని చేతిలోనే ఉంది.

"గంగులు బావోళ్ళ తరవాత మాదే. చిన్నప్పట్నుంచి నాకు వరస తెలుసు," అంది సుహాసిని. "నిన్న మధ్యాన్నం చాపలు తెద్దామని గంగులు బావ ఇంటికి ఎళ్ళినాను. ఆయన నా మొకం సూడకుండా, చాపలు కుమారి పట్టుకెళ్ళిపోయింది అన్నాడు. ఏల అంటే, మీ నాన్ననే అడుగమ్మా అన్నాడు."

"అది కాదమ్మా..."

"ఆగు. నా మాట అవ్వలేదు. ఇంటికొచ్చి మంచం మీదున్న మా ఆయనకి సెప్పలేదు. ఏటని సెప్పాల? అప్పటికే గెడ్డం గీయించుకున్నాడు. తెల్ల సొక్కా తొడగమంటే తొడిగినాను. ఆరింటికి పాట మొదలైంది. మా ఇంట్లో కాదు, పక్కన కుమారి ఇంట్లో. 'అక్కడ మొదలెట్టి ఇక్కడికొస్తారేమోనే' అన్నాడు. చివరి ఆశీర్వాదం అయ్యేవరకు గుమ్మంకేసి సూస్తానే ఉన్నాడు. మీరందరూ మా గుమ్మం ముందునుంచే ఎళ్ళినారు నాన్నా. నీ సెప్పుల సప్పుడు నాకు తెలీదేటి? అప్పుడు, 'సొక్కా తీసెయ్యి, ఉక్కగా ఉన్నాది' అన్నాడు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవడానికి రాలేదు తను, తేల్చుకోవడానికి వచ్చింది. అందుకని ఏడుపు మీద కూడా కోపం వచ్చింది.

జగన్నాధం గ్లాసు కింద పెట్టి భార్య వైపు చూశాడు.

"నిన్ను సెప్పమన్నాను కదే! వేసంగిలోనే సెప్పమన్నాను. మన గుంటకి సెప్పలేదేటి నువ్వు?"

నీలవేణి కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నలభై రెండేళ్ళ కాపురంలో ఆమె నలుగురిలో అతనికి ఎదురు చెప్పింది తక్కువ. నాలుగ్గోడల మధ్య మాత్రం బాకీ ఉంచుకోదు.

"సెప్పలేదు. ఏటని సెప్పమంటావు? దేవుడు పక్కింటికొస్తాడు గాని నీ ఇంటికి రాడే అని సెప్పమంటావా? కాగితం మీద కొట్టేసినోడివి నువ్వు. నోటితో సెప్పే పని నాకేల?"

"నాను దాని మంచికే సేసినాను!" జగన్నాధం గొంతు లేచింది. మిల్లులో మగ్గాల మోతకు ఎదురు అరిచిన గొంతు అది, లేస్తే వీధి చివరి దాకా వినపడుతుంది. "అల్లుడు ఏడాదిన్నరగా మంచం మీదున్నాడు. ఇల్లు సూస్తే ఒక్క గది. ఈ గుంట పగలంతా మిషను కుట్టి నడుం పట్టేసుకుంటన్నాది. ముప్ఫై మందికి టీలు, సెనగలు అంటే ఎక్కడినుంచి తెస్తాది? కన్నతండ్రిని, నాకు జాలుండదేటి? దీని బరువు దించుదుమని తీసేసినాను. దాలప్ప ఇల్లు కూడా అందుకే తీసేసినాను. ముసిల్ది, కళ్ళు కనపడవు. సంఘం బలంగా నడవాలంటే ఇలాటివి సూసుకోవాల. మొన్న పట్నం సంఘం పెద్దలొచ్చి ఏటన్నారు? మీ పేట సంఘం మాలాటోళ్ళకి మాదిరి అన్నారు. కూడిక సరిగ్గా టైముకి మొదలవుతాది, సరిగ్గా టైముకి అవుతాది అని మెచ్చుకున్నారు."

"అవుతాది మరి," అంది సుహాసిని. "మంచం జరపక్కర్లేదు, గుడ్డోళ్ళని సెయ్యి పట్టుకుని కూకోబెట్టక్కర్లేదు. బలంగా ఉన్నోళ్ళ ఇళ్ళలోనే కూకుంటే సంఘం బలంగానే కనిపిస్తాది. దానికి సంఘం పెద్దవి నువ్వెందుకు నాన్నా? గోడ గడియారం సాలదేటి?"

నీలవేణికి ఆ మాటకు నవ్వు రాబోయింది. నవ్వే సమయం కాదని పెదవి కొరుక్కుంది.

"బరువని నీతో నేను అన్నానా?" సుహాసిని అరుగు అంచున కూలబడింది. ఇప్పుడు అరవడం లేదు. అదే జగన్నాధాన్ని ఎక్కువ భయపెట్టింది. "మాఘంలో మా వంతొచ్చినప్పుడు ఏటైందో గుర్తుందా? రెండ్రోజుల ముందే గంగులు బావొచ్చి పైన రేకు కారకుండా సరిసేసినాడు. కుమారి గ్లాసులు పట్టుకొచ్చింది. కూడికయ్యాక కూడా జనం రాడం మానలేదు. గ్లాసు మరిసిపోయినానని ఒకరు, అల్లుడికి రాగిజావ తెచ్చినానని ఒకరు. నెల రోజులు మా ఇంట్లో మనుసుల మాట వినపడింది. వంతు అంటే టీ ఖర్చనుకున్నావు నువ్వు. అది మా ఇంటికి దారి నాన్నా. నువ్వు కొట్టేసినాక ఆ దారిలో ఎవులూ రాలేదు. ఆళ్ళ తప్పు లేదు. సొంత తండ్రే తీసేసినాడంటే ఈళ్ళకే జనం ఇష్టం లేదు కాబోలు అనుకున్నారు. మాకు తప్ప పేటంతటికీ తెలుసు. ఐదు నెలలు! ఐదు నెలలు మేము ఎదురు సూస్తానే ఉన్నాం."

జగన్నాధం చెయ్యి కూతురి తల మీదికి వెళ్ళబోయింది. ఆమె తల పక్కకు తీసుకుంది.

"వచ్చే ఆదివారం నుంచి నెల్లిమర్లలో ఇంకో సంఘానికి ఎళ్ళిపోతాను. నన్నెవులూ ఎరగరు అక్కడ. ఎరగనోళ్ళు రాకపోతే బాదుండదు."

గిన్నె అక్కడే వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

ఆ వెళ్ళిన దారికేసి చూస్తూ నీలవేణి నెమ్మదిగా అంది: "ఏటయ్యా, ఒక మాట అడుగుతాను, నిజం సెప్పు. దాని బరువు సూసే తీసేసినావా?"

"మరేటనుకున్నావు?"

"మాఘంలో పాట మధ్యన అల్లుడి మూత్రం సంచి గొట్టం ఊడిపోయింది. నేల తడిసింది. అప్పుడు నీ మొకం సూసినాను నాను."

జగన్నాధం శనగల గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగాడు.

కూతురి ఇల్లు రెండు సందుల అవతల. అతను అక్కడికి వెళ్ళడం మానలేదు. వారానికి రెండుసార్లు వెళ్తాడు. గుమ్మంలో నిలబడి కూరగాయల సంచి అందిస్తాడు, "అంతా బాగున్నాదా?" అంటాడు, జవాబు పూర్తి కాకముందే వెనక్కి తిరుగుతాడు. ఐదు నెలల్లో ఒక్కసారి కూడా లోపల కూర్చోలేదు. ఈ సంగతి దారిలోనే అతనికి మొదటిసారి లెక్కకొచ్చింది.

అలవాటుగా గుమ్మంలోనే ఆగాడు. లోపల కిటికీ పక్కన మంచం మీద అల్లుడు గోవింద్ పడుకుని ఉన్నాడు. నున్నగా గీసిన గడ్డం. ఒకప్పుడు విజయనగరంలో మూడంతస్తుల గోడలకు రంగులేసిన మనిషి. పరంజీ కర్ర జారింది, నడుం విరిగింది, కాళ్ళు చచ్చుబడ్డాయి. నోరు మాత్రం చచ్చుబడలేదు.

"గుమ్మంలో నిలబడ్డావేటి మావా, కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చినావా? లోపలికి రా. కుర్సీ ఉన్నాది. దుమ్ముంటాది, తుడుసుకుని కూకో. దానికీ అలవాటు తప్పింది."

జగన్నాధం లోపలికి వచ్చాడు. కుర్చీ తుడుచుకోకుండానే కూర్చున్నాడు.

"ఓలమ్మో, ఆ సెనగలు మళ్ళీ వచ్చేసినాయేటి!" గోవింద్ గిన్నె చూసి మొహం చిట్లించాడు. "నిన్నట్నుంచి నా సేత అవే తినిపిస్తన్నాది నీ కూతురు. కడుపులో గుర్రం పరిగెడతన్నాది. మావా, నీకు దండం పెడతాను, నువ్వు రెండు గుప్పిళ్ళు తిను."

పొయ్యి దగ్గర సుహాసిని వీపు కదిలింది. నవ్వో ఏడుపో తెలియలేదు.

జగన్నాధం ఒక గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. నములుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అల్లుడా, నిన్న..."

"నిన్న సంగతి తెలుసు. దాని అరుపులు ఇక్కడికి వినపడ్డాయి. పేటంతటికీ వినపడుంటాది, తండ్రి గొంతే కదా." గోవింద్ నవ్వి, తర్వాత నవ్వు ఆపాడు. "కోపం లేదు మావా. ఒక్క ముక్క సెప్పనా?"

"సెప్పు బాబూ."

"నేనిక్కడ ఊరికే పడున్నానని అనుకుంటన్నావు. నాకు పనున్నాది. పొద్దున్న లేచిన కాణ్ణుంచి పేటలో ఇరవై రెండిళ్ళకీ ప్రార్థన సేస్తాను. నీ కాగితం వరసలోనే. గంగులు బావ దగ్గు ఎక్కువైనాది, ఆయన సైకిలు కంటే ముందు దగ్గొస్తాది ఈ సందులోకి. కుమారి కూతురు నర్సింగు పరీక్ష మళ్ళీ రాస్తన్నాది, ఎవులికీ సెప్పలేదు, కిటికీ దగ్గిర ఫోనులో ఏడుస్తుంటే విన్నాను. దాలప్పకి మందు సుక్కలేసీవోళ్ళు లేరు. నువ్వు కుడికాలు ఈడుస్తన్నావు, మాఘం నుంచి. మోకాలా?"

జగన్నాధం తల ఊపాడు. మోకాలి నొప్పి సంగతి నీలవేణికి కూడా చెప్పలేదు.

"మా వంతొచ్చిన్నాడు ముగింపు ప్రార్థన నేనే సెయ్యాలనుకున్నాను. అందరి పేర్లతోటి. పడుకుని గట్టిగా మాటాడితే ఊపిరి సాలదు మావా. నాలుగు మాటలకోసారి ఆగాల. ఐదు నెలలు నేర్సుకున్నాను, ఎక్కడ ఆగాలో ఎక్కడ ఎత్తుకోవాలో. మీరొచ్చి నాకోసం ప్రార్థన సెయ్యాలని కాదు. మీకోసం నేను సెయ్యాలని. కాళ్ళు పోయినాయి, పని పోయింది, ఇదొక్కటి మిగిలింది. దాన్ని కూడా కాగితం మీద కొట్టేసినావు."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే జగన్నాధం తట్టుకునేవాడు.

ఇన్నేళ్ళూ అతను ఇళ్ళను రెండు రకాలుగా లెక్కపెట్టుకున్నాడు. ఇచ్చే ఇళ్ళు, పుచ్చుకునే ఇళ్ళు. పుచ్చుకునే ఇళ్ళ మీద జాలిపడ్డాడు, ఆ జాలిని భక్తి అనుకున్నాడు. తన మోకాలి నొప్పి కోసం రోజూ దేవుణ్ణి అడుగుతున్న మనిషి పేరు తనే తన పెన్నుతో కొట్టేశాడు. పేటలో ఎవరు ఎవరిని మోస్తున్నారో సంఘ పెద్దయిన తనకే తెలియలేదు.

"సిగ్గురా," అన్నాడు. "బరువని కాదు. అది అబద్దం. ఆవేళ ఆ గొట్టం ఊడిపోయి నేల తడిస్తే, అందరూ సూస్తన్నారని నాకు సిగ్గేసింది. నా అల్లుణ్ణి అలగ ఎవులూ సూడకూడదనుకున్నాను. నువ్వు సిగ్గుపడలేదు. నానే పడ్డాను."

"దాలప్ప పడిందేటి?" సుహాసిని టీ గ్లాసులతో వచ్చి నిలబడింది. "పాట ఆపకుండానే కొంగుతో నేల తుడిసింది. కళ్ళు కనపడని మనిసి, సెయ్యి పెట్టి తడి ఎక్కడుందో ఎతుక్కుని మరీ తుడిసింది. ఆమె ఇల్లే నువ్వు తీసేసినావు."

జగన్నాధం తల వంచుకున్నాడు. వంచిన తలకు ఎదురుగా, మంచం పట్టెకు కట్టి వేలాడుతున్న సంచి కనిపించింది. నిండిపోవచ్చింది. ఇన్నాళ్ళూ దాని వైపు చూడకుండా ఉండటానికే గుమ్మంలో నిలబడ్డాడు. ఇప్పుడు కుర్చీ దిగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నొప్పికి చిన్నగా మూలిగాడు.

"ఇది ఎలగ తియ్యాల?"

"ఒద్దు మావా! అది సూసుకుంటాది."

"ఎలగ తియ్యాలో సెప్పరా."

గోవింద్ కాసేపు మామ మొహం చూశాడు. "కింద బకెట్టు ఉన్నాది. సంచి అడుగున మూతుంటాది. మెల్లిగా తిప్పు. మెల్లిగా! అది మగ్గం కాదు మావా, లాగేస్తావేటి!"

సుహాసిని అడ్డు వెళ్ళలేదు. టీ గ్లాసులు చల్లారుతున్నా అలాగే నిలబడి చూసింది. తండ్రి మెల్లిగా మూత తిప్పాడు, బకెట్టు వెనక దొడ్లోకి తీసుకెళ్ళి పారబోశాడు, కడిగాడు, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు ఆమె గ్లాసు అతని చేతికిచ్చింది. పొద్దున పక్కకు లాక్కున్న తలను తనే తెచ్చి తండ్రి భుజానికి ఆనించింది.

"నెల్లిమర్ల ఎళ్ళిపోతావేటే?" అన్నాడు ఆమె జుట్టు నిమురుతూ.

"నిన్ను బట్టి ఉన్నాది."

"వచ్చే శుక్రవారం మీ ఇంట్లోనే కూడిక. సరేనా?"

"సరి కాదు." సుహాసిని తల ఎత్తింది. "మీరు మా గుమ్మం దాటి ఎళ్ళింది నిన్న. ఇంకా ఆర్రోజులు ఆయన్ని ఎదురు సూడమంటావా? ఇంకోటి. మా ఇల్లొక్కటే మళ్ళీ రాసేవంటే అది నీ కూతురికి సేసుకున్నట్టు. సంఘానికి సేసినట్టు కాదు. దాలప్ప మాటేటి?"

"ఒప్పుకునేదాకా నీ కూతురు నిన్ను ఒగ్గదు మావా," అన్నాడు గోవింద్. "నన్ను ఒగ్గిందేటి? బేగి ఒప్పీసుకో."

జగన్నాధం టీ ఒక్క గుక్కలో తాగేశాడు. లేచి గుమ్మంలోకి వెళ్ళి, ఈసారి లోపలికి వీపు పెట్టి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. ఒక్క క్షణం గొంతు సవరించుకున్నాడు. పదకొండేళ్ళ పెద్దరికం మీద తనే రాయి వేసుకోవాలంటే ఎవరికైనా ఒక క్షణం పడుతుంది.

"ఒరే గంగులూ! ఓ కుమారీ! ఇళ్ళలో ఉన్నోళ్ళందరూ బయటికి రండి!"

తలుపులు తెరుచుకున్నాయి. గంగులు నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. కుమారి చేతిలో అట్లకాడ. సందు మలుపులోంచి నీలవేణి, ఆమె చెయ్యి పట్టుకుని దాలప్ప వస్తున్నారు. ముసలామెను నీలవేణి ఎప్పుడు వెళ్ళి తీసుకొచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఏటి మావా, ఏటైంది? గోవింద్ బాగున్నాడా?" గంగులు కంగారుగా అడిగాడు.

"గోవింద్ బాగున్నాడు. బాగులేనిది నాను. ఈ ఇల్లు, దాలప్ప ఇల్లు వంతులోంచి తీసేసింది నాను. ఆళ్ళు అడగలేదు. జాలని పేరెట్టి నా సిగ్గు దాసుకున్నాను. తప్పు నాది. నాను తప్పు సేస్తంటే ఏలరా జగన్నాధం అని అడగని మీది కూడా తప్పే. అందరూ కాగితం సూసినారు, ఒక్కడు నోరు తెరవలేదు."

కుమారి తల దించుకుంది. జగన్నాధం గొంతు తగ్గించలేదు.

"ఇప్పుడు ఏటి సెయ్యాలో సెప్తన్నాను, వినండి. నిన్నటి కూడిక ఈ రోజు ఈ ఇంట్లో జరగాల. సాయంత్రం ఆరింటికి ఇరవై రెండిళ్ళూ రావాల. ఎవులూ ఇంట్లోంచి టీ తేవద్దు, పాపమని గుప్పెడు పంచదార కూడా తేవద్దు. ఈళ్ళు పెట్టింది తినండి, ఈళ్ళిచ్చింది తాగండి. ముగింపు ప్రార్థన గోవింద్ సేస్తాడు. ఆయన ఊపిరికి ఆగితే మీరూ ఆగండి, మధ్యలో ఆమేన్ అని తొందరపెట్టకండి. గంటైనా కదలకండి. వచ్చే శుక్రవారం దాలప్ప ఇల్లు. లోపల సోటు సాలకపోతే వీధిలో కూకుందుము. రేపటి నుంచి వంతుల కాగితం నా ఒక్కడి దగ్గరుండదు, ఒక్క ఇల్లు తగ్గినా పదిమందీ అడగాల. అలగ నిలబడి సూస్తారేటి? ఒరే గంగులూ, సాయంత్రం దాకా ఏల, ఆ నోరు కడుక్కుని ముందు నువ్వు లోపలికి రా. నెలలు గడిసిపోనాయి, ఆడితో కూకుని మాటాడు. ఇప్పుడే రా!"